మూడు చుక్కల వెనక: తిరుపతిలో ఒక రూమ్ బుకింగ్ సైట్ కేస్ స్టడీ

తిరుపతిలో బస్టాండు చుట్టుపక్కల, రైల్వే స్టేషన్ ముందర, లీలామహల్ సర్కిల్ వైపు ఉండే ప్రైవేట్ లాడ్జీలకి ఆన్‌లైన్‌లో రూములు బుక్ చేసిపెట్టే సైట్ ఒకటి ఉంది. పేరు చెప్పను, ఆ షరతు మీదే ఓనర్ దీన్ని రాయడానికి ఒప్పుకున్నారు. బ్రహ్మోత్సవాల సీజన్‌కి ముందు సైట్ మొత్తం ఒకసారి చూసి ఏం సరి చేయాలో చెప్పమని పిలిచారు. నేను చేసే పని యూఎక్స్ ఆడిట్, అంటే యాప్‌లో గానీ సైట్‌లో గానీ మనుషులు ఎక్కడ తడబడతారో, ఎందుకు తడబడతారో పట్టుకుని చెప్పడం.

పిలవడానికి అసలు కారణం లాడ్జీ కౌంటర్ల దగ్గర గొడవలు. వచ్చిన భక్తులు బ్యాగులు కింద పెట్టీ పెట్టకముందే "రూమ్‌తో పాటు దర్శనం టికెట్ అన్నారు కదా, ఏదీ?" అని అడగడం, కౌంటర్లో ఉన్న పిల్లలు మాకు తెలీదండీ అనడం, అక్కడ మాటా మాటా పెరగడం. రెండు మూడు లాడ్జీల వాళ్ళు ఇంక మీ సైట్ వద్దు అనేదాకా పోయింది. ఓనర్ నన్ను అడిగింది ఒకటే మాట, "మనం మోసం చేస్తా ఉన్నామా తమ్ముడూ, లేకపోతే జనాలే సరిగ్గా చదవడం లేదా, అది తేల్చు ఫస్టు" అని. ఆయన బాధగానే అడిగారు, నటన కాదు అది. కానీ ఆ ప్రశ్నకి సైట్ మొత్తానికీ కలిపి ఒకే జవాబు ఉండదు. స్క్రీన్ మీద ఒక్కో వస్తువు ఒక్కో దారిలో వచ్చి కూర్చుంటుంది, దేని కథ దానిదే. అందుకని నాలుగు వస్తువులు తీసుకుని ఒక్కొక్కదాన్నీ విడిగా విచారించాం.

విచారణ అంటే మూడు చోట్ల చూడటం. ఒకటి, మా ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో కాకుండా వచ్చిన భక్తుల సొంత ఫోన్లలో స్క్రీన్ ఎలా కనిపిస్తోందో చూడటం. రెండు, కోడ్ హిస్టరీ, ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారు, చేసినప్పుడు పక్కన ఏం రాసుకున్నారు అనేది. మూడోది చాలామంది పట్టించుకోరు గానీ నాకు అన్నిటికన్నా విలువైంది అదే, కంప్లైంట్లు వచ్చిన వాట్సాప్ గ్రూప్. ఏ తప్పు ఎవరికి ఏ రోజు తెలిసింది అనేది అందులో తేదీతో సహా ఉంటుంది.

ముందు ఆ దర్శనం టికెట్ సంగతి. బస్టాండు దగ్గర ఒక లాడ్జీ లాబీలో కూర్చుని, రూమ్ ఖాళీ అయ్యేదాకా వెయిట్ చేస్తున్న వాళ్ళని అడిగి వాళ్ళ ఫోన్లు చూశాను. పలమనేరు వైపు నుంచి భార్యతో వచ్చిన ఒక పెద్దాయన ఫోన్ తీసి చూపించారు, కళ్ళు సరిగ్గా ఆనక అక్షరాలు బాగా పెద్దవి చేసి పెట్టుకున్నారు. లాడ్జీ ఫోటో కింద సౌకర్యాల వరస ఉంది, అందులో ఆకుపచ్చ టిక్కు, దాని పక్కన "దర్శనం టికెట్…" అని ఉంది. "ఇదో నాయనా, ఈడ రాసుండాదే, టిక్కు కూడా పెట్టుండారు" అన్నారాయన. మరి ఆ మూడు చుక్కలు ఏంటి సార్ అని అడిగితే "అవేందో నాకేం తెలుస్తాది, అట్ట పెట్టుంటారులే అనుకున్నా" అన్నారు. టికెట్ ఎట్లాగూ ఉందని నిదానంగా బయల్దేరి వచ్చారు, వచ్చేసరికి ఎదురుగా శ్రీనివాసంలో ఆ రోజుకి సర్వదర్శనం టోకెన్లు అయిపోయాయి. ఆయన భార్యకి మోకాళ్ళ నొప్పులు, టోకెన్ లేకుండా కంపార్ట్‌మెంట్లలో గంటలు గంటలు కూర్చోలేదు. ఇంకో రోజు రూమ్ అద్దె కట్టి ఉండాల్సి వచ్చింది. మూడు చుక్కల ఖరీదు అది.

అసలు అక్కడ ఉండాల్సిన మాట "దర్శనం టికెట్‌కి గైడెన్స్ మాత్రమే". 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ టీటీడీ వాళ్ళ సైట్‌లో తీసుకోవాలి, ఉచిత టోకెన్లయితే శ్రీనివాసం, విష్ణు నివాసం, భూదేవి కాంప్లెక్స్ కౌంటర్లలో ఇస్తారు, ఆ వివరం ఫోన్‌లో చెప్పి ఫారం నింపడానికి సాయం చేస్తారు ఈ సైట్ వాళ్ళు, అంతే. మంచి సర్వీసే అది. కానీ ఒక లైన్‌లో జాగా చాలకపోతే మిగతాది కోసేసి మూడు చుక్కలు పెట్టు అని సీఎస్ఎస్‌లో, అంటే పేజీ ఎలా కనిపించాలో చెప్పే కోడ్‌లో, ఒక లైన్ ఉంది. చిన్న ఫోన్లలో, అక్షరాలు పెద్దవి చేసుకున్న ఫోన్లలో ఆ కత్తెర సరిగ్గా "గైడెన్స్ మాత్రమే" ముందు పడింది. ఆఫీసులో అందరూ ల్యాప్‌టాప్‌లో చూసేవాళ్ళు, అక్కడ మాట మొత్తం కనిపించేది. అక్షరాలు పెద్దవి చేసుకునేది ఎవరు, పెద్దవాళ్ళు. తిరుపతికి వచ్చేవాళ్ళలో వాళ్ళెంతమంది ఉంటారో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇది కావాలని చేసిందా? మొదట్లో కాదు, గట్టిగానే చెప్పగలను. ఎందుకంటే అదే కత్తెర పక్కనున్న లైన్లని కూడా కోసేసింది. "24 గంటలూ వేడినీళ్ళు" అనేది "24 గంటలూ…" అయింది, "బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ" అనేది "బ్రేక్‌ఫాస్ట్…" అయింది. ఫ్రీ అనే మాట పోతే నష్టం ఎవరికి, ఓనర్‌కే కదా. తక్కెడ పాడైతే ఒకసారి ఎక్కువ తూగుద్ది ఒకసారి తక్కువ తూగుద్ది, ఎప్పుడూ కొనేవాడికే తక్కువ తూగుతుంటే మాత్రం దాని కింద ఏదో అతికించారని అర్థం. నేను ప్రతి ఆడిట్‌లోనూ ముందు వేసే పరీక్ష ఇదే, జనం చేసే పొరపాట్లు రెండు వైపులా పడుతున్నాయా, ఒక్క వైపే పడుతున్నాయా అని.

కానీ కథ అక్కడ ఆగలేదు. కోడ్ హిస్టరీ వెనక్కి చూసుకుంటూ పోతే తెలిసిందేంటంటే, ఆ సౌకర్యాల వరసకి రెండు డిజైన్లు ఉండేవి. ఒకదాంట్లో ప్రతి సౌకర్యం ఒక్కో లైన్‌లో కిందకి వచ్చేది, మాట పూర్తిగా కనిపించేది. ఇంకోదాంట్లో అన్నీ పక్కపక్కన ఇరికించి ఉండేవి, మాట తెగిపోయేది. డెవలపర్ కుర్రాడు ఈ రెంటికీ ఏబీ టెస్ట్ పెట్టాడు, అంటే సగం మందికి ఇది సగం మందికి అది చూపించి ఎక్కడ ఎక్కువ బుకింగ్స్ వస్తే దాన్ని ఉంచడం. మాట తెగిపోయే డిజైన్ గెలిచింది. చూడ్డానికి నీట్‌గా ఉంది కాబట్టి గెలిచింది అనుకున్నారు. టికెట్ వస్తుందనుకుని జనం బుక్ చేస్తున్నారేమో అనే అనుమానం ఎవరికీ రాలేదు, టెస్ట్ పెట్టే టూల్‌కి అసలే రాదు, దానికి తెలిసింది లెక్క ఒకటే. ఆ కుర్రాడిని నేను అడిగాను, "నిజంగా చెప్పన్నా, ఏది ఎక్కువొస్తే అది ఉంచమన్నారు, ఉంచినా" అన్నాడు. వాడిలో కల్మషం లేదు. డిజైన్ గీసినవాడు మోసం అనుకోలేదు, టెస్ట్ పెట్టినవాడు అనుకోలేదు, ఓనర్ అనుకోలేదు, అయినా మోసపోయే మనుషులు ఎక్కువ వచ్చే డిజైనే ఏరబడి నిలబడింది. ఎవరి మనసులోనూ లేని మోసం కూడా ఇట్లా తయారవుద్ది. మా ఫీల్డ్‌లో దీని గురించి మాట్లాడేవాళ్ళు చాలా తక్కువ. కావాలని చేశారా, పొరపాటా అని రెండే గదులు పెట్టుకుంటే ఇది ఏ గదిలోనూ పట్టదు.

తర్వాత వాట్సాప్ గ్రూప్ చూశాను. లాడ్జీ కౌంటర్ పిల్లలు స్క్రీన్‌షాట్ పెట్టి మరీ రాశారు, "అన్నా, కస్టమర్లు దర్శనం టికెట్ అని కొట్లాడతా ఉండారు, సైట్‌లో అట్లనే కనిపిస్తాంది" అని. దానికింద ఓనర్ జవాబు, "కింద డీటెయిల్స్‌లో క్లియర్‌గా ఉంది కదా, చదువుకోమని చెప్పండి". అట్లాంటి మెసేజ్‌లు ఒకటి కాదు, సంక్రాంతి ముందు నుంచి ఎండాకాలం సెలవుల దాకా ఉన్నాయి. నా రిపోర్ట్‌లో ఇక్కడ ఒక గీత గీశాను. మొదటి స్క్రీన్‌షాట్ వచ్చిన రోజు వరకు అది పొరపాటు, ఆ రోజు నుంచి అది నిర్ణయం. స్క్రీన్ మీద ఒక్క అక్షరం మారలేదు, కోడ్ మారలేదు, తెలిసిన తర్వాత కూడా ఉంచారు అనేది ఒక్కటే మారింది. ఓనర్‌కి ఇది నచ్చలేదు. "నేనేమైనా రాయించానా తమ్ముడూ అట్ల" అన్నారు. రాయించలేదన్నా, కానీ తీయించనూ లేదు కదా అన్నాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత సరే రాసుకో అన్నారు.

రెండో వస్తువు దగ్గర ఇంత లోతుకి పోవాల్సిన పనే లేదు. పేమెంట్ పేజీలో "ట్రిప్ ప్రొటెక్షన్ 49 రూపాయలు" అని ఒక గడి, ముందే టిక్కు పెట్టి ఉంటుంది, లేత బూడిద రంగు అక్షరాలు, పే బటన్ కింద ఎక్కడో. ఆ ప్రొటెక్షన్ దేన్నుంచి ప్రొటెక్షనో టర్మ్స్‌లో ఎక్కడా లేదు. కోడ్ హిస్టరీలో మొదట ఆ గడి ఖాళీగానే ఉండేది, తర్వాత మార్చారు, మార్పు పక్కన కుర్రాడు రాసుకున్న నోట్ "డిఫాల్ట్ ఆన్, అన్న చెప్పినారు". ఇంక దీంట్లో తేల్చడానికేముంది. టికెట్ చుక్కల్లాగా రెండు వైపులా పడే పొరపాటు కాదిది, పొరపాటున 49 రూపాయలు మిగుల్చుకున్న కస్టమర్ ఒక్కడు కూడా ఉండడు. చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 2020 ఈ-కామర్స్ రూల్స్‌లోనే ఉంది, కస్టమర్ సమ్మతి అతను తనంతట తాను చేసిన పని ద్వారానే తీసుకోవాలి, ముందే టిక్కు పెట్టిన గడుల ద్వారా తీసుకోకూడదు అని. 2023 నవంబర్ 30న సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే కస్టమర్‌ని తప్పుదారి పట్టించే డిజైన్ల మీద, గైడ్‌లైన్స్ నోటిఫై చేసింది, వాటిలో 13 రకాలు చెప్పారు, చెప్పకుండా బుట్టలో సరుకు దూర్చడం అందులో ఒకటి. డార్క్ ప్యాటర్న్ అనే పేరు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనర్ పెట్టింది, మన దేశంలో చట్టం భాషలోకి రావడానికి అన్నేళ్ళు పట్టింది.

"అందరూ చేస్తా ఉన్నారు కదా, పెద్ద పెద్ద కంపెనీలే చేస్తన్నాయి" అన్నారు ఓనర్. చేశాయి, నిజమే, పట్టుబడ్డాయి కూడా. అమెరికాలో కన్స్యూమర్ల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2023 జూన్‌లో అమెజాన్ మీద కేసు వేసింది, డబ్బు కట్టి తీసుకునే ప్రైమ్ మెంబర్‌షిప్‌లో జనాన్ని తెలియకుండా చేర్చుకున్నారు, బయటికి పోవడం కష్టం చేశారు అని. ఆ ఫిర్యాదు ప్రకారం క్యాన్సిల్ చేసే దారికి కంపెనీ లోపల ఒక పొడుగాటి గ్రీకు యుద్ధకావ్యం పేరు పెట్టుకున్నారు. 2025 సెప్టెంబర్‌లో 250 కోట్ల డాలర్లకి సెటిల్ అయింది, తప్పు చేశామని కంపెనీ ఒప్పుకోలేదు. నేను ఓనర్‌కి చెప్పింది ఏంటంటే, అంత పెద్ద కంపెనీలో ఉద్దేశం ఏంటో వెతకాలంటే లోపలి పేర్లు, మెయిళ్ళు తవ్వాలి, మన దగ్గర ఒక్క లైన్ నోట్‌లో దొరికిపోయింది, దీన్ని సమర్థించుకోవడం కన్నా తీసేయడం తేలిక.

మూడోది "ఈ ధరకి ఇంకా 2 రూములే ఉన్నాయి" అనే ఎర్ర పట్టీ. పేజీ రిఫ్రెష్ చేస్తే 4 అంటుంది, ఇంకోసారి చేస్తే 3 అంటుంది. లోపల చూస్తే ఆ నంబర్‌కీ రూముల లెక్కకీ సంబంధమే లేదు, ఒకటి నుంచి ఐదు లోపల ఏదో ఒక అంకె తీసి చూపించే లైన్ అది. ఇది ఇక్కడ ఎవరూ రాసింది కాదు, సైట్ కట్టేటప్పుడు కొన్న రెడీమేడ్ థీమ్‌తో పాటే వచ్చింది. నాకు ఆశ్చర్యం ఏంటంటే ఓనర్ అది నిజమైన లెక్క అనుకుంటున్నారు ఇన్నాళ్ళూ, ఆ పట్టీ చూసి లాడ్జీ వాళ్ళకి ఫోన్ చేసి రూములు పెంచమని అడిగిన సందర్భం కూడా ఉందంట. మోసం చేసే ఉద్దేశం ఎక్కడో ఇంకో ఊళ్ళో థీమ్ అమ్మినవాడిది, మోసపోయిన వాళ్ళలో సైట్ ఓనర్ కూడా ఉన్నాడు. ఇది అరుదు కాదు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో దాదాపు 11 వేల షాపింగ్ సైట్లు వెతికి 1,818 డార్క్ ప్యాటర్న్స్ పట్టుకున్నారు, అందులోనే ఇలాంటివి రెడీమేడ్‌గా తయారుచేసి అమ్మే సంస్థలు 22 బయటపడ్డాయి. కాబట్టి థీమ్‌గానీ ప్లగిన్‌గానీ కొన్నవాళ్ళు ఆ కౌంట్‌డౌన్లు, "ఇప్పుడే ఫలానా ఊరాయన కొన్నారు" అనే పాపప్‌లు ఎక్కడి నుంచి డేటా తీస్తున్నాయో ఒక్కసారి అడిగి తెలుసుకోండి, మీ పేరు మీద నడుస్తోంది కాబట్టి జవాబు చెప్పాల్సింది మీరే.

నాలుగోది క్యాన్సిల్ బాక్స్. "బుకింగ్ క్యాన్సిల్ చేయాలా?" అని అడుగుతుంది, కింద రెండు బటన్లు, "క్యాన్సిల్", "ఓకే". బుకింగ్ వద్దనుకున్న వాళ్ళు క్యాన్సిల్ నొక్కితే బాక్స్ మూసుకుపోతుంది, బుకింగ్ అలాగే ఉంటుంది, రిఫండ్ గడువు దాటిపోతుంది. అరే వద్దులే, రూమ్ ఉండనీ అనుకుని ఓకే నొక్కిన వాళ్ళ బుకింగ్ ఎగిరిపోతుంది. రెండు రకాల కంప్లైంట్లూ గ్రూప్‌లో ఉన్నాయి, రెండో రకంలో డబ్బు పోయింది ఓనర్‌కి. అచ్చమైన పొరపాటు. బటన్ల మీద "అవును, రద్దు చేయండి", "వద్దు, రూమ్ ఉంచండి" అని రాయించాం, ఆ గొడవ అక్కడికి పోయింది.

పొరపాటు అంటే చిన్నది అనుకోవద్దు మాత్రం. 2000లో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా రాష్ట్రం పామ్ బీచ్ కౌంటీలో బ్యాలెట్ తయారుచేసిన అధికారి, పెద్దవాళ్ళకి బాగా కనిపించాలని అక్షరాల సైజు పెంచారు. దాంతో పేర్లు రెండు పేజీల మీదకి పోయాయి, ఓటు వేయడానికి పొడవాల్సిన చిల్లులు మధ్యలో వచ్చాయి. ఎడమ పక్కన బుష్ మీద పోటీ చేసిన గోర్ పేరు రెండోది, కానీ ఆయన చిల్లు మూడోది, రెండో చిల్లు ఇంకో చిన్న పార్టీ అభ్యర్థి బుకానన్‌ది, గోర్ అనుకుని దాన్ని పొడిచినవాళ్ళు చాలామంది. ఆ కౌంటీలో బుకానన్‌కి 3,400కి పైగా ఓట్లు పడ్డాయి, బుష్ రాష్ట్రం మొత్తం మీద గెలిచింది 537 ఓట్లతో. ఆ బ్యాలెట్ చేసిన అధికారి గోర్ పార్టీ మనిషే. అక్షరాలు పెద్దవి చేయడం వల్లే అక్కడా తేడా వచ్చింది, పలమనేరు పెద్దాయన ఫోన్‌లోనూ వచ్చింది. ఉద్దేశం ఎంత మంచిదైనా నష్టపోయినవాడికి అది ఊరట కాదు.

అందుకే ఉద్దేశం తేలేదాకా సరిచేయడం ఆపకూడదు అనేది నా పద్ధతి. యూరప్ వాళ్ళ 2022 డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ ముందుమాటలో ఈ విషయం సూటిగానే ఉంది, కావాలని గానీ, ఫలితంలో గానీ మనిషి నిర్ణయాన్ని దెబ్బతీసేవన్నీ డార్క్ ప్యాటర్న్స్ కిందకే వస్తాయి అని. మన గైడ్‌లైన్స్ నిర్వచనంలో తప్పుదారి పట్టించేలా డిజైన్ చేసినవి అనే ధోరణి ఉంది, దాంతో మేము అలా డిజైన్ చేయలేదు అని వాదించే సందు ఉంటుందేమో అని నాకు అనిపిస్తుంది. ఇది నేను చదివి అర్థం చేసుకున్నది మాత్రమే, లాయర్లు వేరేలా చెప్పొచ్చు. 2025 జూన్‌లో ఈ-కామర్స్ సంస్థలన్నీ 3 నెలల్లో తమ సైట్లని తామే ఆడిట్ చేసుకోవాలని మన కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ అడ్వైజరీ ఇచ్చింది. ఆ ఆడిట్‌లో ఉద్దేశం వెతకడం కన్నా కంప్లైంట్ ఏ రోజు వచ్చింది, ఏ రోజు సరిచేశారు అని రెండు కాలమ్‌లు పెట్టుకుంటే చాలు, ఆ రెంటి మధ్య ఎంత ఎడం ఉందో అదే అంతా చెప్తుంది. ఉద్దేశం లెక్కకి వచ్చేది డబ్బు వెనక్కి ఇచ్చేటప్పుడు, బాధ్యత ఎవరిదో తేల్చేటప్పుడు.

చేసిన మార్పులు చెప్తాను. సౌకర్యాల వరసలో మాట తెగకుండా కిందకి దిగేలా చేశాం, దర్శనం అనే లైన్‌కి టిక్కు తీసేసి "దర్శనం టికెట్ మేము ఇవ్వము, ఎలా తీసుకోవాలో చెప్తాము" అని ముందే పెట్టాం. ఎర్ర పట్టీ పీకేశాం. 49 రూపాయల గడి ఖాళీ చేసి పే బటన్ పైకి తెచ్చాం, దేనికి పనికొస్తుందో రాయమంటే రాయడానికి ఏమీ లేదని తెలిసి ఓనర్ దాన్ని మొత్తానికే తీయించేశారు. ఏ కొత్త పేజీ అయినా చిన్న ఫోన్‌లో, అక్షరాలు బాగా పెద్దవి చేసి చూసిన తర్వాతే బయటికి వదలాలని రూల్ పెట్టుకున్నారు. కంప్లైంట్ గ్రూప్‌లోకి డెవలపర్ కుర్రాడిని చేర్చారు, ఇంతకుముందు వాడికి ఆ గ్రూప్ ఉన్నట్టే తెలీదు. టెస్ట్ పెట్టినప్పుడు బుకింగ్స్ ఒక్కటే కాదు, కౌంటర్ దగ్గర వచ్చిన గొడవలు, రిఫండ్లు కూడా పక్కన పెట్టి చూస్తున్నారు ఇప్పుడు.

బుకింగ్స్ కొంచెం తగ్గాయి, దాచడం లేదు. పోతామన్న లాడ్జీలు మాత్రం ఉండిపోయాయి, కౌంటర్ల దగ్గర టికెట్ గొడవ దాదాపు ఆగిపోయింది.

మిగిలిపోయింది ఆ 49 రూపాయలు. అడిగిన వాళ్ళకి ఓనర్ వెనక్కి ఇస్తున్నారు, కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసిన వాళ్ళకైతే వెంటనే ఇచ్చేశారు. నేను రిపోర్ట్‌లో రాసింది అడిగినా అడగకపోయినా టిక్కు మార్చిన రోజు నుంచి కట్టిన అందరికీ ఇవ్వాలని. పేమెంట్ గేట్‌వేలో ఎవరెవరు కట్టారో లెక్క ఉంది, తిరిగి పంపడం పెద్ద పని కాదు. "అడగనోళ్ళకి కూడానా తమ్ముడూ" అంటున్నారాయన. అడగనివాళ్ళలో ఎక్కువమందికి కట్టినట్టే తెలీదన్నా, అందుకే అడగలేదు అని చెప్పాను. లెక్క ఎంతవుతుందో అకౌంటెంట్‌తో వేయిస్తున్నారు, ఆ పాయింట్ ఇంకా ఓపెన్‌గానే ఉంది, తేలేదాకా ఆడిట్ క్లోజ్ చేసినట్టు నేను సంతకం పెట్టడం లేదు.